నీలం పెట్టిన తెలుపు

మిరప చేను పూత మీద ఉంది. జూలూరుపాడు అవతలి అడవి పొద్దుటి మంచులో కరిగిపోయి, ఉందో లేదో తెలియకుండా ఉంది. గట్టు మీద బ్లెస్సీ తాను తయారుచేసిన అగ్గిపెట్టెంత కెమెరాను పట్టుకుని, కలలో ఉన్నదానిలా నిలబడింది.

ఆ కెమెరాకు ఉబ్బెత్తు అద్దం లేదు. గోరంత పలుచని గాజుబిళ్ల, దాని మీద కంటికి ఆనని స్తంభాల అడవి. వెలుగు అందులో దూరాక ఏ రంగు దారి ఆ రంగుది. చివరికి మిగిలేది అలుక్కుపోయిన మరక. ఆ మరకలోంచి ఏ ఆకు మీద ఏ రంగు ఎంతుందో న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ బుర్ర విడదీసి చెబుతుంది. మనిషి కంటపడక ముందే తెగులును అది పట్టేస్తుందని బ్లెస్సీ నమ్మకం. తల్లి జోజమ్మ నమ్మకం ఇంకా పెద్దది, అది బ్లెస్సీ మీద.

కెమెరాకు ముందుగా తెలుపంటే ఏమిటో చూపాలి. దానితో పోల్చుకునే అది మిగతా రంగులను కొలుస్తుంది. అందుకని తెచ్చిన తెల్ల పలక కాస్తా బస్సులో ముక్కలైంది. అమ్మ ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీర ఉందిగా, తెలుపు ఎక్కడైనా తెలుపే కదా అనుకుంది మన ఇంజినీరమ్మ. ముందురోజు అడగ్గానే జోజమ్మ మురిసిపోయి, చీర ఉతికి ఆరేసి, పొద్దున్నే తెచ్చి గట్టు మీద పరిచింది.

మంచు విడిపోయి ఎండ పడింది. బ్లెస్సీ చీరను చూపించి, కెమెరాను చేను మీదికి తిప్పింది. దానికి కలిపిన ఫోన్ తెర మీద చేనంతా పసుపు. ఈ చివర నుంచి ఆ చివరకు తెగులే.

మొక్కలు పీకకపోతే తెగులు పక్క చేలకు పాకుతుంది. పీకితే ఈ ఏడు మిరపే లేదు. నోరు పెగుల్చుకుని బ్లెస్సీ ఆ మాట తల్లికి చెప్పింది. జోజమ్మ కొంగు బిగించి మొదటి సాలులోకి దిగింది. మొక్క వెనక మొక్క, పూతతో సహా నేల మీద పడుతోంది.

చూడలేక బ్లెస్సీ చీర మడవబోయింది.

“మెల్లగ తియ్యి, మట్టి అంటుతది,” అంది జోజమ్మ నడుమెత్తకుండానే. “తెల్లగ ఉండాలంటివి గదా, రెండుసార్లు నీలం పెట్టిన.”

బ్లెస్సీ చేతులు ఆగిపోయాయి. చిన్నప్పుడు అమ్మ నీలిమందు కలిపిన బేసిన్‌లోకి తొంగిచూస్తే నీలం నీళ్లలో మబ్బులు కదిలేవి. చీరకు అంత తెలుపు తెచ్చేది ఆ నీలమే. దాన్నే తెలుపని నమ్మి, ప్రతి ఆకులోంచి అంత నీలం తీసేసే కెమెరాకు పచ్చని ఆకు పసుపుగా కనబడక ఏమవుతుంది?

ఆపమని అరుస్తూ కొట్టంలోకి పరిగెత్తింది. బోరు పైపు మరలకు చుట్టే, ఏ నీలమూ అంటని తెల్ల టేపు తెచ్చి, అట్టముక్క మీద పొరలు పొరలుగా చుట్టి కెమెరాకు చూపింది. తెర మీద చేను మెల్లమెల్లగా పచ్చబడింది.

పీకేసిన సాలు పక్కన కూలబడి బ్లెస్సీ ఏడ్చింది. మొక్కలు నీ కండ్లకెట్ల కనబడ్డయమ్మా అని అడిగింది.

“మంచిగనే కనబడ్డయి.”

“మరెందుకు పీకినవ్?”

“నువ్వు చెప్పినవ్ గదా బిడ్డా.”

తెర మీద గట్టు మూలన కొన్ని మొక్కలు ఇంకా పసుపుగానే ఉన్నాయి. తలెత్తి అటు చూస్తే వాటి ఆకులు నిగనిగలాడుతున్నాయి. అసలు తెగులు ఇదే కావచ్చు, అయినా ఈసారి చెప్పడానికి బ్లెస్సీకి ధైర్యం చాలలేదు. తెరను అరచేత్తో మూసేసింది.

జోజమ్మ ఆ చెయ్యి తీసి, పసుపు ఎక్కడుందో చూసుకుని, మూలకు నడిచి, మొదటి మొక్కను పీకడానికి వంగింది.