పండ్రెండు బిందెల దప్పిక

గ్రీష్మము పరాకాష్ఠ నందెను. ప్రచండ మార్తాండ కిరణ సహస్ర సంతప్తములై తూర్పు సముద్రతీరమందలి గుల్లలపాలెము ఉప్పుమడులు వెండిరేకులు పఱచినట్లు తళతళ మెఱయుచుండగా ఆ మడులపై నెగురుచున్న కాకి యొకటి నేలపై దన నీడను జూచి యందు విశ్రమింపవలెనని దిగి దిగినంతనే నీడ కాళ్లక్రిందికి దూఱుటచే వంచితురాలనైతినని యాక్రోశించి మరల నెగురుచుండెను. కనుచూపుమేర చెట్టు లేదు పొద లేదు గోడ లేదు. అట్టి నిరాచ్ఛాదిత నిర్దయ క్షేత్రమున పండ్రెండుగురు స్త్రీలొక జట్టుగా గూడి పొడవు పిడుల కఱ్ఱపలకలతో నుదయము మొదలు సాయంకాలము వఱకు ఉప్పు లాగుచుండిరి.

ఆ గ్రామమునకు నర్సు దమయంతి. పదునొకండు సంవత్సరములుగా సూదులు వేసి వేసి ఆమె కోపమునకు గూడ సూదిమొన వచ్చినదని జనులు చెప్పుకొనుచుందురు. రెండేండ్లలో ఉప్పుమడుల స్త్రీలు ముగ్గురు మూత్రపిండములు చెడి కాళ్లు వాచి మరణించిరి. ఇప్పుడు జట్టుపెద్దయగు తవిటమ్మ కోడలు గున్నమ్మ కాళ్లును వాచుచుండెను. ఇరువదినాలుగేండ్ల పిల్ల. తొందరగా రక్తపరీక్ష జరిగినచో బ్రదుకును. ఆలస్యమైనచో ఆ ముగ్గురి దారియే.

ప్రభుత్వము కరుణించి పరీక్షాసామగ్రి పంపెను గాని గ్రామమందలి తొమ్మిదివందలమందిలో అఱువదిమందికి చాలునంత మాత్రమే పంపెను. ఆ అఱువదిమంది యెవ్వరో నిర్ణయించుటకై పట్టణమునుండి వైకుంఠరావను గణాంకశాస్త్రకోవిదుడు కంప్యూటరు చంకబెట్టుకొని విచ్చేసెను. ఆ యంత్రములో నతడొక వృక్షమును బెంచుచుండెను. ప్రశ్నలు దానికి గొమ్మలు. వయస్సు నలువదియైదు దాటినదా, రక్తపుపోటు కలదా, పొగ త్రాగునా, దినమునకు నీరెంత త్రాగును అని కొమ్మకొమ్మకును జనులు విడివడి పోయి చివర నెఱ్ఱయాకున బడినవారు అపాయగ్రస్తులుగను పచ్చయాకున బడినవారు క్షేమవంతులుగను దేలుదురు. ఎఱ్ఱయాకువారికే పరీక్ష. ప్రశ్నల కాగితములను మూడుదినములలో నింటింటికి దిరిగి తల యెత్తక నింపినది దమయంతియే.

జాబితా వెలువడెను. దానిని జూచి దమయంతి అగ్నిపర్వతమువలె భుగభుగలాడుచు వైకుంఠరావు బసచేసిన పాఠశాలకు నడచెను.

“ఏటండీ బాబూ ఇది? కాళ్లు కుండల్లా వాసిపోయిన గున్నమ్మని పచ్చాకులో ఏసీసి, పారినాయుడు తాతని ఎర్రాకులో ఎడతారా? ఎనబయ్యేళ్ల ఆ తాత నిన్ననే తాడిచెట్టెక్కి కల్లు దించినాడు. దిగినాక నాకే దండం ఎట్టి, ఒల్లు జాగర్తమ్మా అన్నాడు!”

“నేను చెప్పింది కాదు సిస్టర్, డేటా చెప్పింది. నూటికి తొంభై ఒకటి కరెక్టు మన మోడల్. ఆ జట్టులో పన్నెండుమందీ తలా ఒక బిందెడు నీళ్లు తాగుతున్నారు రోజుకి. కిడ్నీకి అంతకన్నా ఏం కావాలండీ?”

“తలా బిందెడా? ఆలు ఆడోల్లా, ఏనుగులా?”

“ఫారాల మీద రాత మీదే కదండీ.”

రాత ఆమెదే. పండ్రెండు కాగితములమీదను ‘ఒక బిందె’ యని గుండ్రని యక్షరములు ముత్యములవలె మెఱయుచు ఆమెను వెక్కిరించుచుండెను. దినమునకు బండ్రెండు బిందెలు త్రాగు జట్టు నిజముగా నుండెనేని గుల్లలపాలెము నూతులు ఎండిపోయి కప్పలు గొడుగులు పట్టుకొని వలసపోయియుండెడివి.

పొద్దు వాలువేళ ఆమె మడులకు బోయి తవిటమ్మను నిలదీసెను.

“పిన్నీ, రోజుకి బిందెడు నీల్లు తాగుతానని నాకేల సెప్పినావు?”

“నాను తాగుతానని ఎప్పుడన్నానే? నీల్లెన్నని అడిగినావు, ఒక బిందన్నాను. అదిగో, అదే బింద.”

గట్టుమీద సొట్టలుపడిన యిత్తడిబిందె యొక్కటియే యుండెను. జట్టంతటికి నదియే. జట్టునీటికి వాటాలు లెక్కించినచో మడిలోని ఉప్పు కరగిపోవునని యచటివారి నమ్మకము. కావున నాకింత నీకింత యని యెవ్వతెయు నోరెత్తి చెప్పదు. పండ్రెండుగురును ఆ యొక్క బిందెనే పండ్రెండు మాఱులు చెప్పిరి. దమయంతి వంగి చూచెను. పొద్దు గ్రుంకబోవుచున్నను బిందెలో సగము నీరట్లే యుండెను.

“ఇదీ తాగనేదా! ఏల?”

స్త్రీలు కిసుక్కున నవ్విరి. గున్నమ్మ తల వంచుకొనెను. తవిటమ్మ కసరెను. “తాగితే ఎక్కడికెల్తావే? అద్దంలాటి నేల. ఆపక్క మేస్త్రులు, ఈపక్క లారీలోల్లు. పొద్దు గుంకీదాకా బిగబట్టాల. అందుకే నోరు తడుపుకుంటాం, అంతే.”

ఈ మాట నామె వైకుంఠరావునకు జెప్పగా నతడు “ఫారంలో దానికి గడి లేదు సిస్టర్, జాబితా రేపు మధ్యాహ్నానికి పంపేయాలి” అనెను. గడి లేదట! దమయంతి పండ్లు కొఱికిన చప్పుడునకు బడిగంట మ్రోగెనని కొందఱందురు. ఐనను ఆమె మందహాసము వహించి “పంపేద్దురు గాని, ఉదయం ఒక్కసారి మడులు సూసి పంపండి” అని పిలిచెను.

మఱునాడతడు మడులకు వచ్చెను. అతిథియని చెంబు తరువాత చెంబుగా ఆమె నాలుగు చెంబుల మజ్జిగ త్రావించెను. గడియ గడచెను. కోవిదుని ముఖమున జెమట పట్టెను. అతడు తూర్పు జూచెను, బయలు. పడమర జూచెను, పదిమంది కూలీలతో లారీ. దక్షిణము జూచెను, పండ్రెండుగురు స్త్రీలు పలకల పిడులపై గడ్డము లానించి యతనినే చూచుచుండిరి.

“ఇక్కడ... అంటే... ఎక్కడికి వెళతారండీ?”

“ఇంటికెల్తాం బావూ, పొద్దు గుంకినాక” అని తవిటమ్మ శాంతముగా బలికెను.

ఆనాడు వైకుంఠరావు మోటారుసైకిలు చూపిన వేగమునకు వెనుకబడిన దాని మ్రోత సాయంకాలమునకు గాని పాఠశాల చేరలేదు. అచటి మఱుగుదొడ్డినుండి వెలువడి యతడు యంత్రమును దెఱచి వృక్షమున గ్రొత్తకొమ్మ యొకటి నిలిపెను: పనిచోట మఱుగు కలదా? ఎవ్వరెచ్చట బనిచేయుదురో వెన్నంటి వచ్చిన దమయంతి కంఠస్థముగా జెప్పుచుండ నతడు నింపెను. వృక్షము గలగల గదలి ఉప్పుమడుల జట్లన్నింటి స్త్రీలు నలువదిమువ్వురను ఒక్క యెఱ్ఱయాకున రాల్చెను.

పరీక్షలు జరిగెను. పదునేడుగురిలో దోషము బయల్పడెను. గున్నమ్మది తొలిదశ, మందులతోడను నీటితోడను మానునని వైద్యుడు చెప్పెను. తవిటమ్మది మించిపోయెను.

వారము తిరుగకమున్నే స్త్రీలు తామే తాటాకులతో మడిగట్టున దడి యొకటి కట్టుకొనిరి. జిల్లానుండి మరుసటినెల వచ్చిన క్రొత్త కాగితములలో ‘నీరు, ఎన్ని బిందెలు?’ అను గడి మాత్రము చెక్కుచెదరక యుండుట జూచి దమయంతి వానిని నేలగొట్టి, ఏఱుకొని, ప్రతి బిందెప్రక్కను ‘ఎందఱికి?’ అని తానే వ్రాసికొనెను.

ఇప్పుడు సంధ్యవేళ జట్టుబిందె యింటికి వట్టిదై వచ్చుచుండెను. గున్నమ్మ దానిని వాకిట బోర్లించుచుండగా లోపల మంచముపై తవిటమ్మ చిన్నగ్లాసు చేతబట్టుకొని కూర్చుండును. చెడిన మూత్రపిండములు నీటిని భరింపలేవు గావున దినమునకు నాలుగే గ్లాసులని వైద్యుడు విధించెను. జట్టునీటికి వాటా లెక్కింపరాదని బ్రదుకెల్ల నమ్మిన యామెకు దమయంతి ప్రతిదినమును వాటా కొలిచి పోయుచు “బిగబట్టుకోమని ఎవులు సెప్పినారు నీకు!” అని కసరుచు నొక చుక్కయైన నొలుకనీయకుండెను.