మూడో పేరు

"ముగ్గురాడోళ్ళు చేరి బిల్డింగు కొంటారంట! వింటివామ్మా?" అని వెంకటేశులు వాళ్ళమ్మ వైపు చూసి నవ్వాడు.

ఈశ్వరి పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ ఉంది. చేయి ఆపితే ఉండలు కడుతుందని ఆపలేదు. తలెత్తనూ లేదు.

"నవ్వద్దులే నాయనా" అంది అత్త, కొడుకు కంటే ఎక్కువ నవ్వుతూ. "కుచ్చులు కట్టి చేతిలో నాలుగు రూపాయలు ఆడతాండాయి కదా. కండ్లు నెత్తికెక్కినాయి."

ధర్మవరంలో వెంకటేశులుది పట్టుచీరల అంగడి. కాపురానికి వచ్చిన ఏడాదే ఈశ్వరి చీర కొంగులకు కుచ్చులు కట్టడం నేర్చుకుంది. అప్పటినుంచీ ఆ అంగట్లో అమ్ముడైన ప్రతి చీర కొంగూ ఆమె ఒళ్ళో నుంచి పోయిందే. వంట ముగించి, గిన్నెలు కడిగి, అత్తకు కాళ్ళు పట్టి, ఆ తర్వాత కూర్చునేది. "ఊరికే కూచునే కదా కట్టేది" అనేవాడు మొగుడు. నిజమే, ఆ పని నిలబడి చేసేది కాదు. కూర్చుని కూర్చుని నడుము పట్టేసి, లేవబోతే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. దానికి కూలి అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆమెకూ తట్టలేదు. ఇంటి పనికి కూలేమిటి, అన్నం తినడం లేదా? ఇట్లాగే అనుకుంటూ ఉండేదేమో, బత్తలపల్లి నుంచి పెళ్ళిచీరలు కొనడానికి వచ్చిన ఆ పెద్దామె నోరు విప్పకపోయి ఉంటే. "ఎవరు కట్టినారప్పా ఈ కుచ్చులు? ముత్యాలు కూర్చినట్ల ఉండాయే" అంది ఆమె. ఈశ్వరి ఇంటి నుంచి తెచ్చిన కాఫీ గ్లాసుల్లో పోసి పట్టుకుని అంగట్లో తెర వెనకే నిలబడి ఉంది. ఇప్పుడు మొగుడు తన పేరు చెబుతాడని మొహాన చిన్న నవ్వు కూడా తెచ్చిపెట్టుకుంది. "మా కాడ ఒక పనామె ఉండాది లేమ్మా" అన్నాడు వెంకటేశులు. ఆమె కాఫీ ఇచ్చింది, ఖాళీ గ్లాసులు తీసుకుంది, తెర వెనక్కి వచ్చి కడిగింది. గ్లాసులు బోర్లిస్తూ ఉండగా ఒకటే మాట తోచింది: పనామె అయితే కూలి ఇయ్యాల కదా!

ఆ వారంలోనే పక్క అంగళ్ళవాళ్ళ చీరలకు కూలికి కట్టడం మొదలుపెట్టింది. మెల్లగా నలుగురు ఆడపిల్లలు వచ్చి చేరారు. బ్యాంకులో ఆమె పేరు మీద ఒక ఖాతా తెరుచుకుంది. వెంకటేశులు దాన్ని ఆట కిందే లెక్కేశాడు.

ఇల్లు కొనే మాట ముందు తెచ్చింది కదిరమ్మ, ఈశ్వరి పెద్దమ్మ కూతురు. పెనుకొండలో మెస్సు నడుపుతుంది. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆమె దగ్గర అన్నం తినే పిల్లలందరిదీ ఒకటే గోడు, రూములు దొరకడం లేదని. "శంకరప్ప బిల్డింగు అమ్ముతాండాడు, మే. నాలుగు పోర్షన్లు. ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. చేరతావా?" అంది ఫోనులో. మూడో మనిషిగా ఈశ్వరి హిందూపురం వాణిని అడిగింది. కుచ్చుల దారాలు, పూసలు ఆమె ఫ్యాన్సీ స్టోర్సులోనే కొనేది. మొగుడు పోయాక, అంగడి మూసెయ్యమన్న బావలను గడప దాటించి తానే నడుపుకుంటున్న మనిషి వాణి. అడగ్గానే "ఎప్పుడు చూద్దాం అక్కా?" అంది.

చూడడానికి వెళ్ళిన రోజు శంకరప్పతో బేరం కదిరమ్మకు వదిలేసి ఈశ్వరి పైకెక్కింది. ప్రతి గదిలోకీ పోయింది, ప్రతి కిటికీ తెరిచింది, కొళాయిలు తిప్పి నీళ్ళ ధార చూసింది. ఇన్నేళ్ళలో మిక్సీ కొనాలన్నా ఏ రంగుదో మొగుడే చెప్పాడు. తన పుట్టింటికి ఏ బస్సుకు పోవాలో అత్త చెప్పింది. అట్లాంటి తను గోడ మీద చేయి వేసి, ఇక్కడ సున్నం మళ్ళీ కొట్టించాలి అనుకుంటూ ఉంది. ఎంతసేపు తిరిగిందో, ఆ గదుల్లో ఎవరూ ఆమెను నీళ్ళు తెమ్మని పిలవలేదు. కిందికి దిగేటప్పటికి భయం పోలేదు కానీ, కొనాలన్న ఆశ దానికంటే పెద్దదైంది. ఊరికి వచ్చి, కూలి డబ్బుతో కడుతున్న చీటీ ఎత్తి అడ్వాన్సుకు తన వంతు ఇచ్చింది.

రిజిస్ట్రేషన్ రోజు వెంకటేశులు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తయారయ్యాడు. "నేనూ వస్తా. ఆడోళ్ళని చూస్తే ఎవడైనా టోపీ పెడతాడు" అన్నాడు. ఈశ్వరికి సంతోషమే అయింది. ఇన్నాళ్ళకు తన పనికి తోడు వస్తున్నాడని బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చింది. ఆ సంతోషం తర్వాత చాలా రోజులు ఆమెను కుట్టింది.

పెనుకొండలో డాక్యుమెంట్ రైటరు గదిలో కదిరమ్మ, వాణి అప్పటికే కూర్చుని ఉన్నారు. ఒక కుర్చీ తక్కువైంది. వెంకటేశులు ముందు వరసలో కూర్చున్నాడు, ఈశ్వరి గోడకు ఆనుకుంది. శంకరప్ప రాగానే వెంకటేశులుతో, "ఏమప్పా, ఆధారు తెచ్చినావా? మూడో పేరు నీదే రాయించమని ఫోన్ జేస్తివే" అన్నాడు.

వాణి ఈశ్వరి వైపు చూసింది. ఈశ్వరి మొగుడి వైపు చూసింది.

"యా పేరయితే ఏమి?" అన్నాడు వెంకటేశులు, మెడ కూడా తిప్పకుండా. "నీది వేరే, నాది వేరేనా?"

ఈ మాట ఆమెకు కొత్తది కాదు. పుట్టింటి పొలం డబ్బు అంగట్లో పెట్టినప్పుడూ ఇదే అన్నాడు. అప్పుడు ఆ మాటలో ప్రేమ ఉందనుకుంది. ఇప్పుడు విప్పి చూస్తే అందులో ఒకే వైపుకు తెరుచుకునే తలుపు ఉంది.

"వేరే కాకుంటే నా పేరే ఉండనీ" అంది ఈశ్వరి.

"నలుగురిలో పరువు తీస్తాండావు. పద, ఇంటికి పోయి మాట్లాడదాం."

పద అంటే ఆమె ఎప్పుడూ కదిలేది. పెళ్ళిళ్ళలో సగం అన్నంలో నుంచి, ఆసుపత్రిలో తల్లి మంచం పక్క నుంచి కూడా లేచి వచ్చింది. ఈసారి వీపు గోడకు ఇంకాస్త ఆనించింది.

"నేను రాను. నువ్వు పోవాలంటే బస్టాండు ఎదురుగానే ఉండాది."

కదిరమ్మ లేచింది. వాణి కూడా లేచి చేతిసంచి భుజానికి తగిలించుకుంది. "శంకరప్పన్నా, మూడో పేరు ఈశ్వరక్కది కాకుంటే మొదటి రెండు పేర్లూ ఉండవు. అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయ్."

శంకరప్ప అటూ ఇటూ చూశాడు. "అయ్యో, యాడి మాటమ్మా అది! మీ ఇండ్ల పంచాయితీలో నా దుడ్లు పోవల్లనా?" అని వెంకటేశులు భుజం తట్టాడు. "ఏమప్పా, కొంచెం లేచి పక్కకు జరుగు. కొనేవాళ్ళు కూచోవాల."

వెంకటేశులు లేచాడు. ఈశ్వరి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. సాయంత్రానికి ముగ్గురి సంతకాలూ, వేలిముద్రలూ, ఫొటోలూ అయిపోయాయి. బయటికి వచ్చి చూస్తే వెంకటేశులు లేడు. ముగ్గురూ మెస్సుకు పోయి, కదిరమ్మ వడ్డించిన ఉగ్గాని, బజ్జీలు కడుపు నిండా తిన్నారు. ఈశ్వరి రెండోసారి అడిగి మరీ వేయించుకుంది.

పోర్షన్లన్నీ నెల తిరక్కుండానే నిండాయి. పెళ్ళికాని ఆడపిల్లలకు ఇల్లివ్వం అని ఊరంతా తిప్పిపంపిన ఫ్యాక్టరీ అమ్మాయిలకే రెండు ఇచ్చారు. ఇంట్లో మాత్రం "మొగుని పేరు పెట్టుంటే నీదేం పోతాండె?" అని అత్త సణిగింది. ఈశ్వరి తన పని తాను చేసుకుంది. మొగుడి అంగడి చీరలకూ ఇప్పుడు అందరితో సమానంగా కూలి తీసుకుంటుంది. మొదట్లో వేరే చోట కట్టించాడు. గిరాకీలు ఒప్పుకోక మళ్ళీ ఆమె దగ్గరికే పంపాడు.

ఏడాది దాటాక ఒక ఉదయం శంకరప్ప ఫోన్ చేశాడు.

"ఈశ్వరమ్మా, బాగుండావా? ధర్మవరంలో మా బంధువుల కాంప్లెక్సు ఒకటి బేరానికి వచ్చిందమ్మా. బయట చెప్పకముందు మీ ముగ్గుర్నీ అడుగుదామని జేసినా. కింద మూడంగళ్ళు, పైన గోడౌను. నీకు తెలిసిందేలే. నడిమంగట్లో బాడుగకు ఉండేది మీ ఇంటాయనే."

వాణినీ కదిరమ్మనూ అడగాలి. వాళ్ళు ఏమంటారో ఆమెకు తెలుసు. రేపు చెబుతానని ఫోన్ పెట్టి వెనక్కి తిరిగింది. వెంకటేశులు దోసె తుంచుతూ, "ఎవరే, పొద్దున్నే?" అన్నాడు.

ఈశ్వరి ఆయన ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"ఏమయ్యా, అంగడికి బాడుగ ఎంత కడతాండావు?"