నలభయ్యో పుట మీద మరక

నేను ఒక అపరాధ పరిశోధన నవలను. కొండమీద తలుపులు మూసుకొన్న ఒక కళాశాలలో జరిగిన హత్య నా కథ. నూట ఎనభై పుటల దాకా కనబడిన ప్రతివాణ్ణీ అనుమానించి, చివరికి అంతవరకు కథలో అడుగే పెట్టని తోటమాలిని హంతకుడని చూపి చేతులు దులుపుకొన్నాడు నన్ను రాసినవాడు. అక్షరాలు కూర్చిన కార్మికుడే "ఇంతేనా?" అన్నాడు. నాటి సిగ్గు నేటికీ పోలేదు.

రాజమహేంద్రవరంలో పాత పుస్తకాల బండి మీద నన్ను కొన్నది చెల్లాయమ్మ. గోదావరి నడిమి లంకలో ఉన్న సంస్కృత కళాశాలకు వంటమనిషి. అక్కడికి వారానికొక్క పడవ. కావ్యశాస్త్రాలు తప్ప అన్యగ్రంథం నిషిద్ధం; పట్టుబడినవారు శుక్రవారం పడవ ఎక్కవలసిందే. పడవ దిగాక చేరడానికి చెల్లాయమ్మకు మరొక గడప లేదు. అయినా పప్పు ఉడికేలోపు రెండేసి పుటలు చదివేది.

ఒకనాడు పూలు కోస్తూ నన్ను పూజామందిరం అరుగు మీద మరిచింది. ప్రధానాచార్యులు నృసింహావధానిగారి కంట పడ్డాను. ఆయన నస్యం పీల్చి, నాలుగు పుటలు తిప్పారు.

"కొండ అని రాస్తే లంక కాకపోతుందా? ఇది మన కళాశాల గుట్టే! దీన్ని తెచ్చిన ఇంటిదొంగ ఎవడో ఉన్నాడు."

నలభయ్యో పుట మీద పసుపు మరక కనిపించింది. పసుపు ఉన్నచోట పూజ, పూజ ఉన్నచోట అర్చకుడు అని తర్కించారు. పసుపు పప్పులోనూ పడుతుందని ఏ న్యాయసూత్రమూ ఆయనకు చెప్పలేదు కాబోలు.

ఆపైన పరీక్ష. నన్ను భోజనశాల గడపలో పడవేసి స్తంభం చాటున నిలిచారు. నిర్దోషి ఈసడించి దాటిపోతాడు, సొంతదారు మాత్రమే ఎత్తుకొంటాడు అని పన్నాగం. లోపల చెల్లాయమ్మ విస్తళ్ళు పరుస్తూ గడప వైపే చూస్తోంది. కాలు తగిలిన అర్చకుడు నన్ను తీసి కళ్ళకద్దుకొని, నిషిద్ధ గ్రంథమని అక్కడే వదిలాడు. వ్యాకరణ పండితుడూ అద్దుకొన్నాడు. ఇరవైముగ్గురు విద్యార్థులూ అంతే. ఎంత చెడ్డ కథైనా అక్షరం సరస్వతి కదా! విసిగి బయటికి వచ్చిన అవధానిగారి కాలూ నాకే తగిలింది. "అపచారం, అపచారం" అంటూ ఆయనా అద్దుకొన్నారు.

కళ్ళకద్దుకొన్నదాన్ని పొయ్యిలో పెట్టడం ఎలా? నేరస్థుడి జాడ కోసమంటూ చదవసాగారు. నాలుగోనాడు అందరూ భోంచేసి వెళ్ళాక, విస్తరి ముందు కూర్చొని తమలో తామే మండిపడ్డారు.

"అన్యాయం! ఇన్ని పుటలు తిప్పించి, ఎన్నడూ కనబడనివాణ్ణి తెచ్చి హంతకుడంటాడా?"

చారు పోస్తున్న చెల్లాయమ్మ ఆగలేకపోయింది. "అదేనండీ! ఆ తోటమాలి ముందొక్కసారైనా కనబడొద్దూ? నాకూ ఒళ్ళు మండిపోయిందండి."

"తోటమాలి అని నేననలేదే!"

గరిటె గాలిలో ఆగింది. పదహారేళ్ళుగా వడ్డిస్తున్న ఆ చేతిని, పసుపు పట్టిన ఆ వేళ్ళను, అవధానిగారు మొదటిసారి చూశారు.

"నీకు చదువు వచ్చునా?"

"అయిదో తరగతి దాకా వచ్చిందండి. ఆపైన పెళ్ళొచ్చింది." గరిటె దించి అడిగింది. "పడవ... రేపేనాండీ?"

ఆయన చారన్నం, మజ్జిగన్నం ముగించి ఉత్తరాపోశన పట్టారు.

"రేపే. పడవవాడితో చెప్పు, ఈసారి హంతకుడు మొదటి నుంచీ ఉండే పుస్తకం తెమ్మని."

ఇప్పుడు నా నివాసం వంటశాలలో, ఇంగువ డబ్బా పక్కన. నలభయ్యో పుట మీద మరకలు రెండయ్యాయి: ఒకటి పసుపు, మరొకటి నస్యం. తోటమాలి ముందెక్కడైనా నక్కి ఉన్నాడేమోనని అవధానిగారికి అనుమానం ఇంకా తీరలేదు.