కుదుపు లేని కారు

మంచి కార్ల షెడ్డు వెతకడానికే మాకు ఫిబ్రవరి అంతా పట్టింది. మా ఆయన డెల్మర్ ముప్పై ఏళ్ళు బేకర్స్‌ఫీల్డ్ చమురు బావుల మీద పనిచేశాడు. అన్నేళ్ళూ ఇంటి వెనకాల 1934 మోడల్ ఫోర్డ్ కారు ఒకటి తుప్పు పట్టిస్తూ వచ్చాడు. దాన్ని హాట్ రాడ్‌గా, అంటే పాత ఒంట్లో కొత్త ఇంజనున్న జోరు బండిగా కట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పిస్మో ఊరి సముద్రం దాకా తీసుకెళ్తానని పెళ్ళికి ముందే మాటిచ్చాడు. నేనా మాట ఎప్పుడో మర్చిపోయాను. అతను మర్చిపోలేదు.

రిటైరయ్యాను కదా, ఇంకేం పని అంటూ ఆ చలికాలం ఉన్నట్టుండి కారు మీద పడ్డాడు. అసలు కారణం నాకు తెలుసు. ఉతకడానికి తీసిన చొక్కా జేబులో ఆసుపత్రి ఉత్తరం దొరికింది. క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది, ఆగస్టు దాటడం కష్టమని రాశారు. నాతో మాత్రం కీళ్ళ నొప్పులన్నాడు. ఉత్తరం అదే జేబులో పెట్టి, చొక్కా ఉతక్కుండానే మేకుకు తగిలించేశాను. అతనే చెప్తాడని చూశాను. అతను చెప్పలేదు, నేను అడగలేదు. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే.

మొదటి షెడ్డువాడు మెరిసే రంగులు చూపించాడు. రెండోవాడి పెరట్లో ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న కార్లు ఆరు కనిపించాయి. రంగు చూడకు, కింద పడుకుని వెల్డింగ్ అతుకులు చూడు అనేది డెల్మర్ సిద్ధాంతం. తను వంగలేడు కాబట్టి ఆ పడుకోవడం నా వంతైంది. అరవై ఏళ్ళ వయసులో, చర్చికి వేసుకునే గౌనుతో, ఊళ్ళో కార్లన్నిటి కిందా దూరాను. మూడో షెడ్డు లైల్ టకెట్‌ది. అతని అతుకులు జడ అల్లినట్టు వరసగా ఉన్నాయని కింద నుంచే చెప్పాను. ఇక వెతకొద్దు అన్నాడు డెల్మర్.

లైల్ నలభై ఏళ్ళవాడు, మాట పొదుపు. ఎవరు నడుపుతారు, ఎంత దూరం వెళ్తారు అని ముందు అడిగాడు. తర్వాత ముందు చక్రాల సంగతి ఎత్తాడు.

"రెండు చక్రాల్నీ కలిపే పాతకాలం ఇరుసైతే మూడు వారాల్లో ఇచ్చేస్తాను పెద్దాయనా. కానీ ఒళ్ళు హూనమవుద్ది. ఒక చక్రం గుంతలో పడితే రెండోదానిక్కూడా తగుల్తది. విడివిడి సస్పెన్షనైతే ఏ చక్రం బాధ దానిదే, మెత్తగా పోద్ది. అయితే కింది చట్రం, అదే ఛాసిస్, ముందు భాగం కోసి కొత్తది అతకాలి. ఆరేడు నెలలు పడుతుంది."

ఇరుసు కనపడని హాట్ రాడ్‌ది బోసినవ్వు అని ముప్పై ఏళ్ళుగా వెక్కిరించిన మనిషి డెల్మర్. మూడు వారాలంటే మార్చిలోనే సముద్రం చూడొచ్చు; ఆరేడు నెలలంటే ఆగస్టు దాటిపోతుంది. ఇరుసే వేయించుకో అని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే, ఉత్తరం చదివానని తెలిసిపోతుంది. పైగా అతని ఎముకలు.

అతను నా మొహంలోకి చూశాడు.

"మెత్తందే వెయ్యి," అన్నాడు లైల్‌తో. "మాకేం తొందర?"

"అవును," అన్నాను నేను. "మాకేం తొందర?"

ఆ వసంతమంతా మా పాత ట్రక్కులో ఆసుపత్రికి తిరిగాం. దారిలో రైలు పట్టాలు దాటాలి. ఎంత నెమ్మదిగా పోనిచ్చినా అక్కడికి రాగానే డెల్మర్ మాట మధ్యలో తెగిపోయేది, రెండు చేతులతో సీటు పట్టుకునేవాడు. నేను ట్రక్కును తిట్టేదాన్ని. అతనూ ట్రక్కునే తిట్టేవాడు. జూలై రెండో వారంలో పోయాడు. అప్పటికి కారుకి ముందు చక్రాలు లేవు.

సెప్టెంబరులో లైల్ ఫోన్ చేశాడు. వెళ్ళాను. ముదురాకుపచ్చ రంగు వేశాడు, డెల్మర్ కోరిందే. తాళం నా చేతిలో పెట్టి, వెంటనే వదల్లేదు.

"మీకు చెప్పాలో వద్దో తెలీట్లేదమ్మా. ఏప్రిల్లో ఆయన ఒక్కడే వచ్చాడు. ఛాసిస్ ఇంకా కొయ్యలేదు. ఇరుసు వేసెయ్యి, నొప్పి సంగతి నేను చూసుకుంటాను, ఒక్కసారి మా ఆవిడ్ని సముద్రం దాకా తీసుకెళ్తే చాలు అన్నాడు. సరేనన్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి వద్దన్నాడు. ఇంత తొందరెందుకని నోరీన్‌కి అనుమానమొస్తుంది, నిజం తెలిస్తే తట్టుకోలేదు అన్నాడు."

తాళం అందుకున్నాను. నేను తట్టుకోలేనిది ఏమిటో ఆ నిమిషంలో తెలిసింది. ఇద్దరిలో ఎవరో ఒకరం ఒక్క మాట అనుంటే మే నెలలోనే పిస్మోలో ఉండేవాళ్ళం. అతను మూలుగుతూ నడిపేవాడు, నేను ఏడుస్తూ పక్కన కూర్చునేదాన్ని, ఇసకలో పీతలు తినేవాళ్ళం. ఒకరి గుంత ఇంకొకరికి తగలకూడదని ఇద్దరం అంత జాగ్రత్తపడ్డాం.

కారు తీసుకుని ఇంటివైపు వచ్చాను. రైలు పట్టాల దగ్గర అలవాటుకొద్దీ వేగం తగ్గించి, పక్క సీటు మీద చెయ్యి వేశాను. కారు పట్టాలు దాటింది, నాకేమీ తెలియలేదు. లైల్ చెప్పినంతా చేశాడు.

అవతల ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ దాటాను, ఈసారి వేగంగా. ఒక్క కుదుపన్నా వస్తుందేమోనని చూశాను. రాలేదు.