పొయ్యి దగ్గరికి మరిది

తోటికోడలు శాంతిప్రియ ఒకరోజు పొద్దున పెరట్లో వాంతి చేసుకుంటే నా గుండె గుభేల్మంది. ఆమెకు పెళ్ళయి నాలుగు నెలలే. నాకు పెళ్ళయి ఆరేళ్ళయినా కడుపు పండలేదు. తీరా చూస్తే అది పాచి చట్నీ చేసిన పని. ఆ రోజు దేవుడి గదిలో నిజంగానే దండం పెట్టుకున్నాను. దాచడమెందుకు, ఆమె మీద నాకు కుళ్ళు.

ఆ వారమే వేలూరు వెళ్ళాం. ఆరేళ్ళుగా స్కాన్లూ ట్యూబు పరీక్షలూ అన్నీ నాకే చేశారు. ఈ కొత్త డాక్టరు మాత్రం మా ఆయన దీపన్‌ను పరీక్షించాడు. గుడియాత్తంలో మాది మిఠాయి అంగడి. పెద్దకొడుకు బాణలి పట్టాలి, చిన్నకొడుకు గల్లాలో కూర్చోవాలి, మూడు తరాలుగా అదే కట్టడి. దీపన్ పదిహేనేళ్ళుగా రోజుకు పది గంటలు పొయ్యి ముందే ఉంటున్నాడు.

జబ్బంతా ఆ సెగలోనే ఉందని డాక్టరు తేల్చాడు. వీర్యకణం తయారు కావడానికి డెబ్బై రోజుల పైన పడుతుందట. మిగతా ఒంటికన్నా అది తయారయ్యే చోటు కాస్త చల్లగా ఉండాలట. కణం తలలో డి.ఎన్.ఏ. దారపు ఉండలా బిగువుగా చుట్టుకోవాలి, వేడికి ఆ దారం తెగిపోతోందట. మూడు నెలలు పొయ్యికి దూరంగా ఉంటే కొత్తవి బాగా తయారవుతాయని చెప్పాడు.

బస్సు పళ్ళికొండ దాటాక దీపన్ నోరు విప్పాడు. "తమ్ముడు విఘ్నేష్‌ను పొయ్యి కాడ నిలబెడితే వానికీ ఇదే గదా అయ్యేది. విషయం చెప్పి నిలబెడదాం."

"చెప్పండి. రేపు బజారంతా మీ గురించే మాట్లాడతారు" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. ఆ సిగ్గు నాకు బాగా పనికొచ్చింది.

ఆయనకు నడుంనొప్పి అని అత్త వాసవాంబకు చెప్పాం. "పెద్దోడు ఉండగా చిన్నోడు బాణలి పట్టేదేంది?" అని గొణిగి ఒప్పుకుంది.

"అన్నకు బాగయ్యేదాకా నేను చూసుకుంటా లేమ్మా" అంటూ మరిది లుంగీ ఎగగట్టాడు. పాపం అనుకోవాల్సింది. నాకు మాత్రం కడుపు చల్లబడింది.

ఆయన పొయ్యి వదిలిన ఐదో నెలలో నేను నెల తప్పాను. అయినా దీపన్‌ను గల్లా వదలనివ్వలేదు. నొప్పి ఇంకా తగ్గలేదని చెప్పించాను. ఈ ఇంట్లో అందరూ ఎత్తుకుంటే నా బిడ్డనే ఎత్తుకోవాలి, ఇంకొకరి బిడ్డ పక్కన ఉండకూడదు.

శాంతిప్రియకు పెళ్ళయి ఏడాది దాటింది. నిన్న మధ్యాహ్నం వంటింట్లో నా పక్కన చేరింది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"బిడ్డ కోసం అత్త నన్ను విరించిపురం గుళ్ళో నిద్ర చేయమంటాండాది అక్కా. ముందు డాక్టరుకు చూపించుకుంటే మేలనిపిస్తాండాది. మీరు యాడ చూపించుకున్నారు?"

మొదట్లో నన్ను చూసిన లేడీ డాక్టరు పేరు చెప్పాను.

"మా ఆయన్ను కూడా పిల్చుకోని పోవల్లా అక్కా?"

నిజం నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"వద్దు. ఆయనకేం, రాయి లాంటి మనిషి. నీవొక్కదానివే పో."

"సరేనక్కా" అంది. నేను ఎత్తబోతున్న నీళ్ళ బిందెను, బరువులు ఎత్తకూడదంటూ తనే నడుముకెత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది.