సిమ్‌సిమ్ ఉపవాసం

మా క్రైస్తవుల పెద్ద ఉపవాసం మొదలయ్యే ముందు రోజు, ఆఖరి మాంసం పూట కదా అని బాతు వండాను. తోలంతా సిమ్‌సిమ్ తిన్నాడు. వాడు ఆరు కిలోల కుక్క. తెల్లారేసరికి వీపు విల్లులా వంచి, తాగిన నీళ్లు కూడా కక్కేశాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక డాక్టర్ రీమ్ వాణ్ని నా ఒళ్లో పెట్టింది.

"క్లోమం వాచింది, ఉమ్ రమ్జీ. ఇక ఈ సంచిలో దాణా తప్ప ఏదీ పెట్టొద్దు. మళ్లీ కొవ్వు తగిలిందంటే నేను కూడా ఏం చెయ్యలేను."

రమ్జీ తల్లిని కాబట్టి నన్నందరూ అలాగే పిలుస్తారు.

"తింటాడు," అన్నాను.

"అందరూ అలాగే అంటారు. చిన్న కుక్కలు జగమొండివి. రెండు రోజులు ముట్టకపోతే తీసుకురండి."

నేను మిన్యా పక్క పల్లెలో పుట్టినదాన్ని. పొదుగు వదలని గేదె దూడలను ఎన్నింటినో గడ్డికి మళ్లించాను. పట్నంలో ఈ షుబ్రా పేటకి వచ్చి ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినా ఆ పని మర్చిపోలేదు. వేళకి పెట్టాలి, పావుగంట ఆగాలి, తీసేయాలి. బతిమాలకూడదు. బతిమాలితే దూడైనా కుక్కైనా మన మొహంలో బెంగ కనిపెట్టేస్తుంది.

మొదటి రోజు బాల్కనీలో గిన్నె పెట్టాను. వాసన చూసి, గిన్నెలో ఇసుక పోసినట్టు నన్ను చూశాడు. గోరువెచ్చని నీళ్లు చల్లి పెట్టినా అంతే. రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున మాత్రం నాకు అనుమానం వచ్చింది. పస్తున్న కుక్క అలా గంతులేయదు. ఎత్తుకుని డొక్క తడిమితే డోలులా ఉంది. మూతి వాసన చూశాను. జీలకర్ర, వెల్లుల్లి, నిప్పుల మీద కాలిన కొవ్వు.

మా ఇంట్లో అయిదు రోజులుగా ఉడికించిన చిక్కుడు గింజలూ నువ్వుల పేస్టే. మాంసం, పాలు, గుడ్డు గడప తొక్కవు. మరి ఇది ఎవరి వంట? మా మేడ మెట్ల మీద నిలబడి అడిగితే అందరూ అమాయకులే అవుతారు. అందుకని ఎవరినీ అడగలేదు. బాల్కనీ తలుపు వెనక పీట వేసుకుని ఆకుకూర వలుస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం నమాజు పిలుపు అయింది. పై అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగింది. వీధిలో కిరాణావాడి దగ్గరికి రోజూ దిగే బుట్టే. ఈసారి వీధి దాకా పోకుండా మా కమ్మీల దగ్గర ఆగింది. అక్కడ సిమ్‌సిమ్ బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ముందే సిద్ధంగా ఉన్నాడు. వాడు మూతి పెట్టేలోపు నేను తాడు పట్టుకున్నాను. లోపల కాల్చిన మాంసం ముద్దలు, కోఫ్తా.

పైనుంచి హాజ్జా రతీబా తొంగి చూసింది. హజ్ యాత్ర చేసొచ్చింది కాబట్టి అందరికీ హాజ్జాయే. ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు మాది.

"వదులమ్మా, సరుకులకి పంపాను."

"కిరాణావాడికి కోఫ్తా పంపుతున్నావా, హాజ్జా?"



"సరే, వాడికే పంపాను. నీ ఉపవాసం నీది, నేనేమన్నా అన్నానా? నోరులేని జీవాన్ని కూడా ఎండబెడతావా? ఆ గులకరాళ్లు గిన్నెలో పొయ్యడం, పావుగంటకి అవి కూడా లాక్కోవడం. పైనుంచి చూస్తూనే ఉన్నా."

"వాడికి ఉపవాసమని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మొన్నటిదాకా బాతు తిన్నాడు. మీ ఉపవాసం వచ్చింది, వాడికి రాళ్లు వచ్చాయి."

నవ్వొచ్చేదే. కానీ బుట్టలో మెరుస్తున్న కొవ్వు చూస్తే నవ్వు రాలేదు.

"ఆ బాతే వాణ్ని చావు దాకా తీసుకెళ్లింది. అవి రాళ్లు కాదు, కోడిమాంసంతో చేసిన దాణా, డాక్టరు రాసిచ్చింది. నీ కోఫ్తా ఇంకో రెండు రోజులు తింటే వాణ్ని పాతిపెట్టుకోవాలి."



"నా చేతులతోనే..." అంది.

"ఆ చేతులే కావాలి నాకు. నేను పెడితే మూతి తిప్పుకుంటున్నాడు. నువ్వు దించితే చుట్టం వచ్చినట్టు ఎదురెళ్తున్నాడు." కోఫ్తా తీసేసి, కొలిచిన దాణా పొట్లాం బుట్టలో పెట్టాను. "పైకి లాగు. ఇకనుంచి రెండు పూటలా నువ్వే దించు."

"ఎండుచేపల కొట్టు వాసనే తల్లీ ఇది."

"తినేది నువ్వు కాదుగా."

"పైన చిటికెడు కోఫ్తా పొడి..."

"హాజ్జా."

"సరే సరే. మాటవరసకి అడిగాను."

డాక్టరుకి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఈ పూట ఏమీ పెట్టొద్దు, కక్కితే వెంటనే తెమ్మంది. కక్కలేదు.

మర్నాడు పొద్దున వాడి డొక్క మొదటిసారి నిజంగా ఖాళీ. బుట్ట దిగింది. మూతి పెట్టాడు, తుమ్మాడు, పైకి చూశాడు.

"నన్ను చూడకురా నాన్నా, లోపలికి పోతున్నా," అంటూ హాజ్జా తలుపు వేసుకుంది.

నన్ను చూశాడు. నేను ఆకుకూర వలుస్తున్నాను. తల ఎత్తలేదు. ఎత్తితే పని చెడుతుందని నాకు తెలుసు.

ఒక గింజ నలిగిన చప్పుడు. ఆగాడు. మరోటి. ఆ తర్వాత ఆగలేదు.

"తింటున్నాడా?" పైన తలుపు సందులోంచి గుసగుస.

"మాట్లాడకు."

"మీ ఉపవాసం ముగిసే పండగ నాడు మాత్రం కాస్త..."

"ఈ ఇంట్లో ఉపవాసం లేనిది వాడొక్కడికే, హాజ్జా."

బుట్ట అల్లిక సందుల్లో నాలుక దూర్చి నాకడం కూడా అయ్యాక, పైకి తీసుకోమని తాడు రెండుసార్లు లాగాను.