తీరిన అప్పు, వీడని తాకట్టు

ఆ వీధిలో పెళ్ళయిన ప్రతి జంటా, బడిలో చేరిన ప్రతి పిల్లా ఒకప్పుడు ఆ ఫొటో స్టూడియో మెట్లెక్కినవాళ్ళే. "ఊపిరి బిగబట్టకండి, కొంచెం నవ్వండి" అనేవారు స్టూడియో యజమాని, నల్లగుడ్డలో తల దూర్చి. అందుకే వీధంతా ఆయన్ని నవ్వుల మాస్టారనేది.

కింద స్టూడియో, పైన కాపురం. ఆ ఇల్లు కొనడానికి దాన్నే ఒక రుణసంస్థకు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నారాయన. వాయిదా దగ్గర పడిందంటే భార్య పాలవాడితో సగమే పొయ్యమనేది. ఆయన నిద్ర మానుకుని పొరుగూళ్ళ పెళ్ళిళ్ళు కూడా ఒప్పుకునేవారు. ఆఖరి వాయిదా కట్టిన సాయంత్రం ఇంటిల్లిపాదినీ తెర ముందు కూర్చోబెట్టి, "ఈ ఫొటో బేరానికి కాదు, మనకోసం" అన్నారు. అది తలుచుకున్నప్పుడల్లా కూతురికి, తన జడ సవరించిన అమ్మ చేతి సబ్బు వాసన కూడా గుర్తొస్తుంది.

ఇప్పుడు అమ్మ లేదు. ఫొటోలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఖాళీగా ఉన్న స్టూడియో హాల్లో, ఉద్యోగాలకెళ్ళే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం పెడతానంది కూతురు.

"నా కళ్ళముందే ఇల్లు నీ పేర రాసేస్తానమ్మా" అని మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు బయల్దేరారు.

గుమాస్తా కంప్యూటర్ చూసి పెదవి విరిచాడు. "ఇల్లు తాకట్టులో ఉందండీ."

"ఎవరిల్లు?"

"మీదే."

మాస్టారు గబుక్కున వెనక్కి తిరిగి చూశారు. వెనక వరసలోని వాళ్ళు తనను బాకీ ఎగ్గొట్టినవాడిలా చూస్తున్నారనిపించింది.

రుణసంస్థలో అధికారి వివరాలు వెతికి, "బాకీ ఎప్పుడో తీరిపోయిందండీ. తాకట్టు విడుదల పత్రం మీరే అడిగి రాయించుకోవాల్సింది. దరఖాస్తు పెట్టండి, చూద్దాం" అన్నాడు.

ఆ 'చూద్దాం'తోనే వారాలు గడిచాయి. ఒకసారి పెద్దసారు సెలవు. ఇంకోసారి పాత ఫైలు వేరే ఊళ్ళో ఉంది. తిరిగి తిరిగి చెప్పులరిగాయి. పిల్లల్ని చేరుస్తామన్న తల్లులు వేరేచోట చూసుకోసాగారు.

"తప్పు నాదేనమ్మా. ఆ సంబరంలో పడి కాగితం సంగతే అడగలేదు" అన్నారు మాస్టారు. ఆయనకు తిండి సయించడం లేదు.

చదువరులారా, పైసా ఎగ్గొట్టకుండా బతికిన మనిషి చేత చేయని తప్పు ఒప్పించడం కన్నా అన్యాయం ఉంటుందా?

తప్పు తనదేనన్న తండ్రి మాట కూతురికి గుచ్చుకుంది. ఆయన్ని వీధి చివరనున్న లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"చిన్నప్పుడు ఫొటోకొస్తే, ముందుపళ్ళు ఊడినదాన్ని, నన్నే నవ్వించారు మాస్టారూ! ఇప్పుడు మీరే ముఖం వేలాడేస్తే ఎలా?" అందావిడ.

"నేను అడగలేదు తల్లీ, అందుకే..."

"మీరెందుకు అడగాలి? బాకీ పూర్తిగా తీరాక గడువులోగా తాకట్టు విడుదల చేసి, రికార్డులోంచి తీయించాల్సింది వాళ్ళే. చట్టం ఆ బాధ్యత వాళ్ళమీదే పెట్టింది. చెయ్యకపోతే నష్టపరిహారం కూడా ఇచ్చుకోవాలి."

మర్నాడే నోటీసు వెళ్ళింది. ఇన్నాళ్ళూ దొరకని ఫైలు వారం తిరక్కుండానే దొరికింది. రికార్డులో తాకట్టు తొలగింది. పత్రం తీసుకోవడానికి తండ్రీకూతుళ్ళు వెళితే పెద్దసారే కుర్చీలోంచి లేచాడు.

"మీరు పెద్దవారని, శ్రమ తీసుకుని మరీ సాయం చేశామండీ. కూర్చోండి."

మాస్టారు కూర్చోలేదు.

"సాయమా బాబూ? ఒక్క వాయిదా ఆలస్యమైతే ఇంటికి మనిషిని పంపేవారు. అంతా తీరాక ఒక్కరూ రాలేదు. నాలాగే కట్టేసి, ఇల్లు విడిపోయిందనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఇంకెందరో. వాళ్ళు మీ గుమ్మం తొక్కేదాకా ఆగకండి, మీరే పిలిచి పత్రాలివ్వండి. అప్పు తీర్చడం మా బాధ్యత, తీర్చేశాం. తాకట్టు విడిపించడం మీ బాధ్యత. అది మాకు మీరు చేసే ఉపకారం కాదు."